జూలై 4 రాత్రి హార్బర్‌లో బాణసంచా: బోటెక్కి చూసేవాళ్లు క్షేమంగా ఇల్లు చేరాలంటే

2012లో అమెరికా స్వాతంత్ర్య దినమైన జూలై 4 రాత్రి న్యూయార్క్ లాంగ్ ఐలండ్‌లోని ఆయిస్టర్ బే దగ్గర, బాణసంచా చూసి తిరిగొస్తున్న 34 అడుగుల బోటు తిరగబడింది. అందులో 27 మంది ఉన్నారు. కేబిన్‌లో ఉన్న ముగ్గురు పిల్లలు చనిపోయారు. సరిగ్గా రెండేళ్లకు, 2014 జూలై 4 రాత్రి మయామీ పక్కనున్న బిస్కేన్ బేలో బాణసంచా అయ్యాక ఇళ్లకు మళ్లిన బోట్లు చీకట్లో ఢీకొని నలుగురు పోయారు. రెండు చోట్లా నిప్పురవ్వ పడి ఎవరికీ ఏమీ కాలేదు. ఆపద వచ్చింది తిరుగు ప్రయాణంలో.

కాబట్టి ఈ రాత్రికి ప్లాన్ చివరి నుంచి మొదటికి వేసుకోవాలి. ముందు తిరిగొచ్చే దారి, తర్వాత లంగరు వేసే చోటు, ఆ తర్వాతే ఎవరెవరు రావాలి, ఏం వండుకెళ్లాలి అన్నవి. అమెరికాలో మనవాళ్లు నాలుగైదు కుటుంబాలు కలిసి లాంగ్ వీకెండ్‌కి పాంటూన్ బోటు (గొట్టాల మీద తేలే చదునైన బోటు) అద్దెకు తీసుకోవడం ఇప్పుడు మామూలే. వాళ్లలో చాలామందికి ఈత రాదు, రాత్రిపూట బోటు నడిపిన అలవాటు ఉండదు. ఇది ముఖ్యంగా వాళ్ల కోసం. సొంత బోటు ఉన్నవాళ్లకూ పనికొస్తుంది.

ఎంతమంది ఎక్కొచ్చు

స్టీరింగ్ దగ్గర చిన్న రేకు మీద రెండు అంకెలు రాసి ఉంటాయి: ఎంతమంది, మొత్తం ఎన్ని పౌండ్లు. రెండింటిలో ఏది ముందు నిండితే అక్కడ ఆగాలి. చంటిపిల్లను కూడా ఒక మనిషిగానే లెక్కపెట్టండి. కూలర్లను మర్చిపోవద్దు. గ్యాలన్ నీళ్లు 8 పౌండ్లు దాటుతాయి. ఐసు, డ్రింకులు నింపిన పెద్ద కూలర్ రెండు ఉంటే ఒక పెద్దమనిషి ఎక్కినట్టే.

అసలు చిక్కు పెద్ద బోట్లతో. ఆ రేకు తప్పనిసరిగా ఉండాలన్న ఫెడరల్ నిబంధన 20 అడుగుల లోపు బోట్లకే. 34 అడుగుల బోటులో ఎక్కడా అంకె కనబడదు, దాంతో ఇంకో ఇద్దరు ఎక్కినా పర్వాలేదనిపిస్తుంది. అలాంటి బోటుకు ఒక గట్టి లెక్క పెట్టుకోండి: కుదురుగా కూర్చునే సీటు లేని మనిషి ఎక్కకూడదు. బోటు కొన్నప్పుడు ఇచ్చిన పుస్తకంలో గరిష్ఠ బరువు ఉంటుంది, అది చూడండి. బరువు ఎంత అన్నదే కాదు, ఎంత ఎత్తులో ఉంది అన్నదీ ముఖ్యం. పైడెక్ మీద పదిమంది చేరితే బోటు పక్కకు ఒరగడం తేలిక, తిరిగి నిలబడటం కష్టం. బాణసంచా మొదలవగానే అందరూ ఒకే పక్క రెయిలింగ్ దగ్గరకు చేరతారు. ఎవరి సీట్లో వాళ్లుండి చూసేలా బోటు తిప్పుకోవాలి, లేదా ముందే చెప్పి కూర్చోబెట్టాలి.

పాంటూన్‌కు ఇంకో జబ్బుంది. అందరూ ముందుకు చేరితే ముక్కు కిందికి దిగి, ఎదురొచ్చిన అల సరాసరి డెక్ మీదికి ఎక్కేస్తుంది. కంగారులో ఇంజిన్ గబుక్కున తగ్గిస్తే ముక్కు ఇంకా మునుగుతుంది. బరువు వెనక్కి సర్ది, ముందున్న గేటు వేసి, వేగం నెమ్మదిగా తగ్గించాలి. గేటు బయట కాళ్లు వేలాడేసి కూర్చోనివ్వొద్దు. అక్కణ్నుంచి జారితే బోటు మనిషి మీదుగా పోతుంది, ప్రొపెల్లర్ వెనకాలే ఉంటుంది.

కెప్టెన్‌తో సహా బోటు మాట్లాడుకుని డబ్బు పంచుకుంటున్నారా? కోస్ట్ గార్డ్ (తీర రక్షక దళం) తనిఖీ చేసి సర్టిఫికెట్ ఇవ్వని బోటులో డబ్బిచ్చి ఎక్కేవాళ్లు ఆరుగురికి మించకూడదు, కెప్టెన్‌కు లైసెన్స్ ఉండాలి. పన్నెండు మందిని ఎక్కించుకుంటానంటే ఆ సర్టిఫికెట్ చూపించమనండి. తడబడితే వేరే బోటు చూసుకోండి.

లైఫ్ జాకెట్లు

అమెరికాలో బోటు ప్రమాదాల్లో మునిగి చనిపోయినవాళ్లలో ఏటా పదిమందికి ఎనిమిది మంది పైగా లైఫ్ జాకెట్ వేసుకోనివాళ్లే. జాకెట్ సీటు కింద ఉంటే చట్టం ఒప్పుకుంటుంది, కానీ చీకట్లో తిరగబడ్డ బోటు కింద దాన్ని వెతుక్కోలేం. చీకటి పడ్డాక ఈత వచ్చినా రాకపోయినా అందరూ వేసుకోవాలి. 13 ఏళ్ల లోపు పిల్లలు బోటు కదులుతున్నంతసేపూ వేసుకోవాలన్నది ఫెడరల్ నియమం. రాష్ట్రానికి సొంత చట్టం ఉంటే వయసు మారుతుంది.

పిల్లల జాకెట్ వయసును బట్టి కాదు, బరువును బట్టి తీసుకోవాలి. 30 పౌండ్ల లోపు ఇన్‌ఫంట్, 30 నుంచి 50 చైల్డ్, 50 నుంచి 90 యూత్. వేసి, బకిల్స్ అన్నీ పెట్టి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. గడ్డం, చెవులు లోపలికి జారిపోతే అది పెద్దదైనట్టే. కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ తప్పకుండా పెట్టాలి, అది లేకపోతే నీళ్లలో జాకెట్ తేలుతుంది, పిల్ల జారిపోతుంది. పెరుగుతారు కదా అని సైజు పెద్దది కొనే అలవాటు ఇక్కడ పనికిరాదు. ప్రతి జాకెట్‌కీ ఒక విజిల్, పిల్లల జాకెట్లకు వంచితే వెలిగే లైట్ స్టిక్ కట్టండి. ఎరుపు, ఆకుపచ్చ స్టిక్కులు వద్దు, దూరం నుంచి బోటు లైట్లలా కనబడతాయి.

చీర, లెహంగా, పొడవాటి చున్నీ నీళ్లలో కాళ్లకు చుట్టుకుంటాయి. జాకెట్ కింద సరిగ్గా అమరవు కూడా. ఆ ఒక్క సాయంత్రానికి ప్యాంటూ చొక్కా మేలు.

మధ్యాహ్నమే చూసుకోవాల్సినవి

సూర్యుడు దిగాక చూసుకుంటే పాడైనది బాగుచేసే టైముండదు.

- ముందు ఎరుపు (ఎడమ), ఆకుపచ్చ (కుడి), వెనక తెల్ల లైటు: మూడూ వెలుగుతున్నాయా? తెల్ల లైటు స్తంభం ఎక్కేవాళ్ల తలలకన్నా, బిమినీ గుడ్డకన్నా (బోటు పైన నీడకు వేసే గుడ్డ) ఎత్తుగా ఉందా? మనుషుల వెనక దాక్కున్న లైటు లేనట్టే. అద్దె బోట్లలో ఎక్కువగా పోయేది ఇదే.
- అద్దె ఒప్పందంలో బోటు ఎన్నింటికి తిరిగివ్వాలో చదవండి. చాలావాటికి సూర్యాస్తమయమే గడువు. ఆ మాట కనబడితే ఆ బోటు ఈ పనికి కాదు.
- మంటలార్పే సిలిండర్ ముల్లు ఆకుపచ్చలో ఉందా? ఒకసారి వాడి పారేసే రకం తయారై 12 ఏళ్లు దాటితే చెల్లదు. అడుగున ముద్రించిన సంవత్సరం చూడండి.
- 26 అడుగుల లోపు బోటుకు ఇంజిన్ ఆపేసే తాడు స్విచ్ ఉంటే నడిపేవాళ్లు అది తగిలించుకోవాలి. 2021 ఏప్రిల్ 1 నుంచి ఇది చట్టం.
- వీహెచ్‌ఎఫ్ రేడియో (బోట్లలో వాడే రేడియో) ఆపదలో పిలిచే 16వ ఛానల్లో పలుకుతోందా? వేలమంది ఒకచోట చేరినప్పుడు సెల్‌ఫోన్ నెట్‌వర్క్ చేతులెత్తేయొచ్చు, రేడియోకు ఆ బాధ లేదు.
- ఇంకో బ్యాటరీ లేదా జంప్ స్టార్టర్, రెండు టార్చిలైట్లు, తాడు కట్టిన త్రో కుషన్ (నీళ్లలో పడ్డవాళ్లకు విసిరే తేలే దిండు), తాడు కోసే కత్తి.

తిరుగు దారిని పగలే ఒకసారి నడిపి జీపీఎస్‌లో గుర్తు పెట్టుకోండి. లైటు లేని బోయ్‌లు (దారి చూపే తేలే గుర్తులు), రాళ్లు, పీతల బుట్టల తేలుడు బంతులు ఎక్కడున్నాయో రాత్రి ఎవరూ చెప్పరు.

ఒడ్డున ఉన్న ఒక మనిషికి కాగితం ఇవ్వండి: బోటు రిజిస్ట్రేషన్ నంబరు, రంగు, ఎంతమంది, ఏ ర్యాంప్ (బోటు నీళ్లలోకి దించే చోటు) నుంచి బయల్దేరారు, ఎన్నింటికి తిరిగొస్తారు, ఎన్నింటి దాకా ఫోన్ రాకపోతే కోస్ట్ గార్డ్‌కు చెప్పాలి.

లంగరు ఎక్కడ, ఎంత తాడు

బాణసంచా పేల్చే బార్జ్ (చదునైన పెద్ద పడవ) చుట్టూ కోస్ట్ గార్డ్ సేఫ్టీ జోన్ ప్రకటిస్తుంది. ఎంత దూరం, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా అన్నది వాళ్లు వేసే ‘లోకల్ నోటీస్ టు మెరైనర్స్’ ప్రకటనలో ఉంటుంది, ఆ రాత్రి 16లో పిలిచి 22ఏ ఛానల్లో కూడా చదువుతారు. బాణసంచావాళ్లు పాటించే లెక్క తెలిస్తే ఆ దూరం ఎందుకో అర్థమవుతుంది: పైకి పేల్చే బాణసంచా గుండు వ్యాసంలో ప్రతి అంగుళానికి 70 అడుగులు. 6 అంగుళాల గుండుకు 420, 8 అంగుళాలకు 560, 12 అంగుళాలకు 840 అడుగులు. అది కనీసం. 2012లో శాన్ డియాగో బేలో ఎన్నో నిమిషాలు నడవాల్సిన సరుకంతా ఒక్క నిమిషం కూడా పట్టకుండా ఒకేసారి పేలిపోయింది. ఎవరికీ గాయం కాలేదు, జనం దూరంగా ఉన్నారు కాబట్టి. ఒక్క బోటు గీత దాటినా మొత్తం ప్రదర్శన ఆపేస్తారు, జరిమానా కూడా పడుతుంది.

ఇక గాలి. గాలి వీచే దిక్కున, అంటే బార్జ్ మీదుగా గాలి మీ వైపు వస్తుంటే, పొగ, కాలిన అట్టముక్కలు, నిప్పురవ్వలు మీ మీదికే వస్తాయి. దానికి ఎదురు దిక్కున నిలిస్తే పొగ రాదు, వెనక డెక్ బార్జ్ వైపు ఉంటుంది కాబట్టి చూడ్డానికీ బాగుంటుంది. కానీ లంగరు జారిందంటే గాలి మిమ్మల్ని నేరుగా బార్జ్ మీదికి తోస్తుంది. అందుకే గాలికి అడ్డంగా, పక్క నుంచి చూసే చోటు అన్నిటికన్నా మంచిది: పొగ పక్కకు పోతుంది, లంగరు జారినా బోటు బార్జ్ వైపు పోదు. పోటు పాటు బలంగా ఉన్న హార్బర్‌లో గాలి లెక్క తప్పుతుంది. అక్కడ నీటి వాలు చూడండి. ప్రదర్శన మధ్యలో పాటు తిరిగే టైము ఉంటే ముప్పావు గంటలో మీ బోటు మొహం తిరిగిపోతుంది, పక్క బోట్లవీ తిరుగుతాయి, తాడు పొడవులు వేరువేరుగా ఉంటే ఒకదానికొకటి తగులుతాయి. టైడ్ పట్టిక చూడకుండా వెళ్లొద్దు.

తాడు లెక్కలో ఎక్కువమంది చేసే పొరపాటు నీటి లోతు ఒక్కటే తీసుకోవడం. లోతు 12 అడుగులు, నీటి నుంచి బోటు ముక్కు ఎత్తు 4, పోటుకు పెరిగేది ఇంకో 4, మొత్తం 20. దానికి ఏడు రెట్లు 140 అడుగులు. గాలి లేక, చోటు ఇరుకైతే ఐదు రెట్లు, 100. పన్నెండుకి ఐదు రెట్లని 60 అడుగులు వదిలినవాడికి పోటు ఎక్కాక మిగిలేది మూడు రెట్లే. అల వచ్చిన ప్రతిసారీ లంగరు కొంచెం లేచి జారుతుంది. వేశాక ఇంజిన్ రివర్స్‌లో మెల్లగా లాగి చూడండి, ఒడ్డున రెండు గుర్తులు ఒకే వరసలో ఉన్నాయో లేదో పది నిమిషాలకోసారి గమనించండి.

తాడు ముక్కుకే కట్టాలి. వెనక కడితే బరువైన ఇంజిన్ భాగం అలకు ఎదురుగా నిలిచి నీళ్లు ఎక్కుతాయి, చిన్న బోటు నిమిషాల్లో మునుగుతుంది. బోయ్‌లకు కట్టడం నేరం. ఫెర్రీలు, టగ్‌లు తిరిగే ఛానల్లో లంగరు వేయొద్దు, అవి మీ కోసం ఆగలేవు. సీట్లు పట్టుకున్నట్టు కనీసం గంటన్నర ముందే చేరి, వెలుతురు ఉండగానే పని ముగించండి.

లంగరు దించాక ఎరుపు, ఆకుపచ్చ ఆర్పి, నాలుగు వైపులా కనబడే తెల్ల లైటు ఒక్కటే ఉంచాలి. ఎరుపు ఆకుపచ్చ వెలుగుతుంటే మీరు కదులుతున్నారనుకుని ఎదుటివాడు పక్కకు తప్పుకుంటాడు, ఆ పక్కన ఇంకొకరుంటారు. నీళ్ల కింద నీలం ఎల్‌ఈడీలు, రెయిలింగ్ చుట్టూ రంగుల లైట్లు ఆ రాత్రికి ఆపేయండి. పోలీసు బోట్ల నీలం లైటుతో కలిసిపోతాయి.

చూస్తున్నంతసేపు

ఇంజిన్, జనరేటర్ ఆపేయండి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. నిలిచిన బోటు వెనక అది పేరుకుంటుంది, పక్క బోటు నుంచి కూడా వస్తుంది. ఇంజిన్ నడుస్తున్న బోటుకు 20 అడుగుల దూరం ఉండాలి. తలనొప్పి, వాంతి వస్తున్నట్టుంటే సముద్రం పడలేదనుకుంటారు. ఇద్దరికి ఒకేసారి అలా ఉంటే ముందు ఈ గ్యాస్‌నే అనుమానించి, తాజా గాలికి తీసుకెళ్లి సాయం పిలవండి. పాటలు పెట్టి మూడు గంటలు కూర్చుంటే బ్యాటరీ అయిపోతుంది. రెండు బ్యాటరీలుంటే స్విచ్ ఒకదానిమీదే పెట్టి, రెండోది స్టార్ట్ చేయడానికి ఉంచండి.

బిమినీ గుడ్డ మడిచేయండి. దగ్గర్లో తడి టవల్, బకెట్ నీళ్లు. బోటు మీద కాకరపువ్వొత్తులు, మతాబులు వెలిగించొద్దు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, అడుగున చేరి కూర్చుంటుంది. ఫ్లేర్‌ను (సాయం కోరడానికి వెలిగించే మంట గుర్తును) సరదాకు పేల్చడం నేరం. పసిపిల్లల చెవులకు మఫ్స్ పెట్టండి, చప్పుడు నీటి మీద ఇంకా గట్టిగా వినబడుతుంది.

నడిపే మనిషి ఆ రోజు మందు ముట్టకూడదు. రక్తంలో 0.08 శాతం మద్యం అన్నది చట్టం గీత. ఎండ, గాలి, ఇంజిన్ అదురు కలిసి గీత కిందున్నవాణ్ని కూడా మందకొడిగా చేస్తాయి. ప్రాణాలు తీసే బోటు ప్రమాదాల్లో తెలిసిన కారణాల్లో మొదటిది మద్యమే. నడపడానికి ఇంకో మనిషిని కూడా సిద్ధంగా ఉంచుకోండి.

తిరుగు ప్రయాణం

చివరి మోత ఆగగానే నూరు ఇంజిన్లు ఒకేసారి మొదలవుతాయి. మీరు మొదలుపెట్టొద్దు. మెరుపులు చూసిన కళ్లు చీకటికి అలవాటుపడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, అప్పటిదాకా ఎదురుగా ఉన్నది కనబడదు. పొగ కూడా నీటి మీద పరుచుకుని ఉంటుంది. ఆ అరగంట పిల్లలకు అన్నం పెట్టండి. ఫోన్లు లోపల పెట్టించండి, చార్ట్ స్క్రీన్ నైట్ మోడ్‌కు మార్చండి. పేలని గుండ్లున్నాయేమో బార్జ్ మీదివాళ్లు చూసుకునేదాకా సేఫ్టీ జోన్ అమల్లోనే ఉంటుంది, అడ్డంగా కోసుకెళ్లొద్దు.

కదిలే ముందు ఈ వరస తప్పొద్దు. పేరు పిలుస్తూ మనుషుల్ని లెక్కపెట్టండి. బోటు వెనక నీళ్లలో ఎవరూ లేరని టార్చితో చూడండి. తాళ్లన్నీ పైకి తీశారా చూడండి, ప్రొపెల్లర్‌కు తాడు చుట్టుకోవడం ఈ రాత్రి ఎక్కువగా జరిగేది. లోపల ఇంజిన్ ఉన్న పెట్రోలు బోటైతే బ్లోయర్ (ఇంజిన్ దగ్గరి ఆవిరిని బయటికి తోసే ఫ్యాను) కనీసం 4 నిమిషాలు తిప్పి స్టార్ట్ చేయండి. ఎరుపు, ఆకుపచ్చ, తెల్ల లైట్లు వేయండి. ఆ తర్వాతే లంగరు ఎత్తండి. నిద్రపోతున్న పిల్లల్ని కేబిన్‌లో పడుకోబెట్టాలనిపిస్తుంది. వద్దు. జాకెట్ వేసి, బయట పెద్దవాళ్ల పక్కన కింద కూర్చోబెట్టండి. బోటు తిరగబడితే కేబిన్ నీళ్లతో నిండుతుంది, తేలే జాకెట్ పిల్లల్ని లోపలే పైకి నొక్కేస్తుంది.

గంటకు 20 మైళ్లు పోతుంటే సెకనుకు 29 అడుగులు. లైటు లేని కాయాక్ (చిన్న తెడ్డు పడవ) 100 అడుగుల దూరంలో కనబడితే మీకున్నది మూడున్నర సెకన్లు. గంటకు 5 మైళ్లయితే పదమూడు సెకన్లు దాటి ఉంటాయి. నడిచే వేగమే ఆ రాత్రికి సరైన వేగం. ఇద్దరిని చూపరులుగా పెట్టండి, ఒకరు ఎడమ, ఒకరు కుడి. వాళ్లు కబుర్లు చెప్పకూడదు. ఒడ్డునున్న ఊరి దీపాల్లో బోటు లైట్లు కలిసిపోతాయి, కదిలే చుక్కను పట్టుకోవాలి. కుడి నుంచి ఎర్ర లైటు అడ్డంగా వస్తుంటే దారి మీరివ్వాలి. ఎరుపు, ఆకుపచ్చ రెండూ కనబడితే ఎదురుగా వస్తున్నాడు, ఇద్దరూ కుడికి తప్పుకోవాలి. ఏ లైటైనా మీ బోటు నుంచి ఒకే కోణంలో ఉంటూ పెద్దదవుతుంటే ఢీకొంటారని అర్థం. వేగం తగ్గించండి, ఐదు పొట్టి హారన్లు కొట్టండి. స్పాట్‌లైటు ఎదుటివాడి కళ్లలోకి వేయొద్దు.

నాలుగు వైపుల నుంచీ వచ్చే బోట్ల అలలు ఒకదాని మీద ఒకటి ఎక్కి హఠాత్తుగా పెద్దవవుతాయి. పక్కకు తగలనివ్వకుండా ముక్కును అలకు ఏటవాలుగా, సుమారు 45 డిగ్రీలకు తిప్పి నెమ్మదిగా దాటండి. అందర్నీ కూర్చోమని గట్టిగా చెప్పండి.

ఎవరైనా పడిపోతే

చూసినవాళ్లు అరిచి, వేలు చూపిస్తూ కన్ను తిప్పకుండా ఉండాలి. ఆ ఒక్కరికీ వేరే పని చెప్పొద్దు. కుషన్ విసరండి, ఇంజిన్ న్యూట్రల్, జీపీఎస్‌లో గుర్తు. మెల్లగా చేరాక ఇంజిన్ పూర్తిగా ఆపి నిచ్చెన దించండి. వెంటనే ఇంకొకరు దూకొద్దు. చీకట్లో ఇద్దరిని వెతకాల్సి వస్తుంది. శాన్‌ఫ్రాన్సిస్కో బే లాంటి చోట జూలైలో కూడా నీళ్లు 60 డిగ్రీల ఫారెన్‌హీట్ చుట్టుపక్కలే ఉంటాయి, చేతులు త్వరగా పట్టు తప్పుతాయి.

రేడియో 16లో ‘మేడే’ (ప్రాణాపాయంలో ఇచ్చే పిలుపు) మూడుసార్లు, బోటు పేరు మూడుసార్లు, తర్వాత అక్షాంశ రేఖాంశాలు, ఏం జరిగింది, ఎంతమంది, అందులో పిల్లలెంతమంది. చెప్పాక బటన్ వదిలి వినండి. ఈ పని తెలిసినవాళ్లు బోటులో ఇద్దరుండాలి. నడిపే మనిషే పడిపోవచ్చు. బాణసంచా రాత్రి ఎర్ర ఫ్లేర్‌ను ఎవరూ పట్టించుకోకపోవచ్చు, కాబట్టి ముందు రేడియో, తర్వాత ఎస్ఓఎస్ మెరిసే ఎలక్ట్రానిక్ లైటు, ఆపైన ఫ్లేర్.

నీటి మీద తేలుతున్న కాగితం గుండు కనబడితే చేత్తో తీయొద్దు, తడిసినా పేలొచ్చు. చోటు గుర్తుపెట్టుకుని కోస్ట్ గార్డ్‌కు చెప్పండి. ర్యాంప్ దగ్గర వరస పొడవుగా ఉంటుంది, జాకెట్లు అక్కడే విప్పేస్తారు. చివరి మనిషి గట్టు మీద కాలు పెట్టేదాకా విప్పనివ్వొద్దు. బోటు కట్టగానే, సామాన్లు దించే ముందే, ఒడ్డునున్న మనిషికి ఫోన్ చేయండి. లేకపోతే చెప్పిన టైముకు వాళ్లు కోస్ట్ గార్డ్‌ను పిలుస్తారు, నిజంగా ఆపదలో ఉన్న ఇంకో బోటుకు వెళ్లాల్సిన మనుషులు మీ కోసం నీళ్లు వెతుకుతుంటారు.